హాల్లో పరిచిన సియెనా చౌక్

కువైట్‌లో మా వంటింటి కిటికీకి ఎదురుగా ఖుబ్బూస్ రొట్టెలు కాల్చే అంగడి ఉండేది. తెల్లవారకముందే అక్కడ మగవాళ్ళు వరసకట్టేవారు. ఆ గురువారం పాలు పొయ్యి మీద పెట్టి చూస్తే వరస లేదు. అంగడాయన లోపల రొట్టెలు కాలుతుండగానే షట్టరు దించి, తాళం కూడా వేయకుండా పరుగెత్తాడు. విమానాశ్రయం వైపు నుంచి అప్పటికే పెద్ద చప్పుళ్ళు వస్తున్నాయి. మేముండే అబ్బాసియా పేటలో విమానాల మోత మాకు అలవాటే కనుక నేను పట్టించుకోలేదు. మాడిన రొట్టెల వాసన వీధిలోకి వచ్చాక మాత్రం పొయ్యి ఆర్పి, తలుపు గడియ వేశాను.

కాసేపటికి ఎదురు ఫ్లాటులో ఉండే ఆమె తలుపు తట్టింది. కడప దగ్గర పల్లె ఆమెది. రుమైథియా పేటలో ఒక కువైటీ ఇంట్లో పనిచేస్తూ, సెలవు రోజుకి భర్త దగ్గరికి వచ్చేది. ఆ ఇంటి యజమానురాలిని 'మామా' అనేది.

"ఇరాక్ మిలిటరీ ఊర్లోకి వచ్చేసిందంట అక్కా. మా ఇంటి మామా ఫోన్ చేసి చెప్పె, బయటికి రావద్దని. సారు యాడ?"

"నైట్ డ్యూటీ. ఇంకా రాలేదు."

"డ్యూటీ యాడ?"

"అడగలేదు."

ఆమె నన్ను తప్పుపట్టలేదు. "పోయేటోళ్ళని యాడికని ఎవరు అడుగుతారులే. నేనూ మావోన్ని అడగను. ఈ పొద్దు మాత్రం నువ్వు అడిగింటే బాగుండు" అంది.

మా వారు పెద్ద ఏసీ యంత్రాలు చూసే ఇంజనీరు. వాళ్ళ కంపెనీకి మూడు చోట్ల పని ఉండేది: ఊళ్ళో ఒకటి, దక్షిణాన అహ్మదీలో ఒకటి, ఉత్తరాన జహ్రా దాటాక ఒకటి. సైన్యం వచ్చింది ఆ జహ్రా దారిలోనే. ముందు రోజు సాయంత్రం ఆయన బూట్లు వేసుకుంటుంటే మా ఏడేళ్ళ పాప "ఎక్కడికి నాన్నా?" అంది. నేను గబుక్కున దాని నోరు మూశాను. గడప దాటే మనిషిని ఎక్కడికని అడిగితే పని చెడుతుందని మా ఇంట్లో పెద్దలు నేర్పారు. బి.ఏ. చదివినా అది నన్ను వదల్లేదు. ఆయన నవ్వి, చెప్పబోయారు. "చెప్పకండి, కాసేపు కూర్చుని మంచినీళ్ళు తాగి వెళ్ళండి" అన్నాను. కూర్చున్నారు, తాగారు, వెళ్ళారు. ఇప్పుడు ఆఫీసుకి ఫోన్ చేస్తే మోగుతూనే ఉంది, ఎవరూ ఎత్తడం లేదు.

పిల్లలిద్దరినీ కిటికీలకు దూరంగా ఉంచాలి. హాల్లో నేల మీద పరిచిన దుప్పటి మీద సగం కలిపిన బొమ్మ ఒకటి ఉంది. ఇటలీలోని సియెనా ఊరి చౌక్ ఫొటోని ముక్కలు ముక్కలుగా కోసిన అట్టబొమ్మ అది. మా వారి ఆఫీసులో పనిచేసే ఇటలీ ఆయన ఇచ్చాడు. ఆయనది ఆ ఊరే. ఏటా వేసవిలో అక్కడ జరిగే గుర్రప్పందేలకి సెలవు పెట్టి మరీ వెళ్ళేవాడు. ఈసారి వెళ్ళేముందు మా ఇంటికి భోజనానికి వచ్చి, పిల్లలతో కలిసి అంచు ముక్కలు పేర్చి, ఆ చౌక్ కథంతా చెప్పాడు. నేను చదివింది చరిత్రే అయినా మా పుస్తకంలో ఆ ఊరికి రెండు వాక్యాలే ఉండేవి.

పాలు తాగాక మా నాలుగేళ్ళ బాబు అడిగాడు, "నాన్న ఎప్పుడొస్తాడు?"

"ఈ బొమ్మ పూర్తయ్యేసరికి వచ్చేస్తాడు" అన్నాను. నోటికి వచ్చింది అనేశాను.

ఇద్దరూ దాని మీద పడ్డారు. నేను పక్కన కూర్చుని, విన్నదంతా మళ్ళీ చెప్పాను. మూడు కొండల వాలు కలిసే పల్లంలో మొదట సంత జరిగేదని, ఊరిని తొమ్మిది మంది పాలించిన కాలంలో ఆ నేలకి ఇటుక పరిచి, వాళ్ళ గుర్తుగా తొమ్మిది భాగాలు చేశారని చెప్పాను. చుట్టూ ఇళ్ళు కట్టుకునేవాళ్ళు కిటికీలు ఎలా పెట్టాలో కూడా చట్టం చేశారట. భూమి లోపల సొరంగాలు తవ్వి, ఫౌంటెన్‌కి నీళ్ళు తెచ్చారట. ఇప్పుడు సాయంత్రాలు ఊరి జనం ఆ ఇటుకల మీదే చాపలు కూడా లేకుండా కూర్చుంటారని, కొందరు పడుకుని ఆకాశం చూస్తారని, పిల్లలు ఐస్‌క్రీములు తింటారని చెప్పాను. పందెం రోజుల్లో చుట్టూ మట్టి పోస్తారు. గుర్రం మీది మనిషి పడిపోయినా, గుర్రం ముందొస్తే గెలిచినట్టే.

ఎక్కడో దగ్గర్లో ఏదో పేలింది. కిటికీ అద్దాలు అదిరాయి. పక్కల మీది పరుపులు లాగి, కిటికీలకి ఆనిద్దామన్నాను.

"మలుపులో గోడలకి కట్టినట్టా?" అంది పాప. గుర్రాలు గోడని గుద్దుకోకుండా అక్కడ పరుపులు కడతారని ఇటలీ ఆయన చెప్పింది దానికి గుర్తుంది. ఇద్దరూ తలో మూల పట్టుకుని, నాకంటే హుషారుగా మోశారు.

మధ్యాహ్నం ఎదురింటామె చింతపండు అన్నం పట్టుకొచ్చి మా పక్కనే కూర్చుంది. ఆ ఊళ్ళో ఒక్కో వాడకి ఒక్కో జెండా, ఒక్కో జంతువు ఉంటుందని బాబు ఆమెకి వివరించాడు. తను నత్త వాడ వాడట.

"గుర్రాల పందెంలో నత్తా? ఎప్పుడొస్తాదిరా మీ నత్త, వచ్చే ఏటికా?"

"గెలుస్తాది" అన్నాడు వాడు ఆమె యాసలోనే. నేనూ నవ్వాను. నవ్వినందుకు సిగ్గేసింది.

ఆమె లేస్తూ నా భుజం మీద చెయ్యి వేసింది. "సారు వచ్చినాక నాలుగు తిట్టు. యాడికి పోతాండేదీ చెప్పి పోవచ్చు కదా అని."

"చెప్పబోయారు. నేనే వద్దన్నాను."

ఆమె నా భుజం నొక్కి వదిలింది. గిన్నె అక్కడే వదిలి వెళ్ళింది.

మసీదు నుంచి సాయంకాలపు మగ్రిబ్ బాంగు వినిపించేవేళకి బొమ్మలో నాలుగైదు ముక్కలే మిగిలాయి. నేను అన్నం కలుపుతుంటే బాబు చివరి ముక్క నొక్కి, చప్పట్లు కొట్టి, వెళ్ళి తలుపుకి ఎదురుగా బాసింపట్టు వేసుకుని కూర్చున్నాడు. పిలిస్తే రాలేదు. అన్నం అక్కడికే తీసుకెళ్ళి పెట్టాను. తలుపు మీద నుంచి చూపు తిప్పకుండా తిన్నాడు, అలాగే నా ఒళ్ళోకి వాలి నిద్రపోయాడు.

వాణ్ణి పడుకోబెట్టి వస్తే పాప బొమ్మ దగ్గర వంగి ఉంది. చౌక్ అంచునున్న గోపురం ముక్కలు ఒక్కొక్కటీ ఊడదీసి, గౌను ఒళ్ళో వేసుకుంటోంది.

"అదేంటమ్మా?"

"ఇవి సరిగ్గా కుదరలేదు. రేపు మళ్ళీ పెడదాం" అంది, నా మొహం చూడకుండా. "ఇంకా అవ్వలేదు కదా, అందుకే నాన్న రాలేదు. తమ్ముడికి అలా చెప్పు."

నేను దాని పక్కన కూలబడ్డాను. అది నాకోసమే అబద్ధం ఆడుతోంది, నేను ఆడినదాన్ని నిలబెట్టడానికి.

ఇప్పుడు విజయవాడలో ఉన్నాం. పిల్లలు పడుకున్నాక రాస్తున్నాను. లోపల ఆయన దగ్గు వినిపిస్తోంది. ఆయన అహ్మదీలో చిక్కుకుపోయి, ఆదివారం మధ్యాహ్నం ఎవరిదో నీళ్ళ ట్యాంకరులో ఇంటికి చేరారు. శుక్రవారం పొద్దున మాత్రం ఆ సంగతి నాకు తెలియదు.

ఆ పొద్దున పిల్లలిద్దరికీ మొహాలు కడిగి, వంటింటి గట్టు మీద పక్కపక్కన కూర్చోబెట్టాను. "నాన్న ఎక్కడున్నాడో నాకు తెలీదు" అన్నాను. "నిన్న తెలిసినట్టు చెప్పాను, తప్పు నాదే. బొమ్మకీ నాన్న రావడానికీ ఏం సంబంధం లేదు. తెలిసిన నిమిషంలో మీ ఇద్దరికీ చెప్తాను. మంచి కబురైనా చెప్తాను, కాకపోయినా చెప్తాను. నాకు భయంగా ఉంది. మీకూ ఉంటే నా దగ్గరికి వచ్చి చెప్పండి, ముగ్గురం ఒకచోటే కూర్చుందాం."