ఎంపీ సీటు

మాజీ ఎంపీ నర్సింగం బస్సెక్కే తీరు చూసి తీరాలి. మెడ చుట్టూ కండువా సర్దుకుని, ఎవరూ పలకరించకముందే రెండు చేతులూ జోడిస్తాడు. కండక్టరుకూ, కిటికీ దగ్గర పల్లీలమ్మే మనిషికీ, ఒక్కోసారి ఖాళీ సీటుకూ. "ఓట్లు ఒడిసినయని నేను ఒప్పుకున్న గని గీ చేతులు ఒప్పుకుంటలేవు" అని తనే నవ్వుతాడు. ఒకసారి గెలిచి మూడుసార్లు ఓడాడు. ఢిల్లీలో ఏం చేశావని అడిగితే, "నోరైతె తెరిచిన, ఆవులింతకే" అంటాడు.

మొన్న కరీంనగర్‌లో మెట్‌పల్లి బస్సెక్కేసరికి, పైన 'ఎంపీ' అని రాసి ఉన్న సీటొక్కటే ఖాళీగా ఉంది. పదవిలో ఉన్నన్నాళ్లూ కారు దిగలేదు కాబట్టి ఆ సీటు ఎలా ఉంటుందో ఆయనకు తెలియదు. కూర్చోబోతుంటే పక్క సీటులోని రామవ్వ అనే ముసలామె చెయ్యి అడ్డం పెట్టింది.

"గది ఎంపీది కొడుకా. గాయనొస్తే నిన్ను లేపుతరు."

"ఆయన రాడవ్వా."

"నీకెట్ల ఎరుక?"

"ఐదేండ్లు దగ్గరుండి చూసిన."

రామవ్వ పక్కున నవ్వింది. "నిజమే. మా ఊరికి రోడ్డేస్తనని పోయినోడు మళ్ల రానేరాలే. కూసో."

నర్సింగం ముడుచుకుని కూర్చున్నాడు. ఆమె బరువైన సంచిని దారి పొడవునా తన ఒళ్లో పెట్టుకున్నాడు. తన ఊరి మట్టిదారి దగ్గర దిగుతూ రామవ్వ ఆయన భుజం తట్టింది.

"మంచోనివి కొడుకా. గీసారి నువ్వు నిలబడు, ఓటేస్త."

ఆయన నోరు తెరిచేలోపే చేతులు జోడించుకున్నాయి.