కదలనన్న బండి

ఉద్యమం రోజుల్లో మా క్యాంపస్ మొత్తం నినాదాలిచ్చేది. మా ల్యాబ్‌లో సీనియర్ అక్క మాత్రం ఎర్రలైటు ఎన్నిసార్లు మినుకుమంటుందో వేళ్ల మీద లెక్కపెట్టేది. ఫ్యాక్టరీల్లో సామాన్లు మోసే బ్యాటరీ బండికి ఆమె మోటారు కంట్రోలర్ తయారుచేసింది. తప్పెక్కడుందో దానిమీది ఆ లైటు మినుకులే చెప్తాయి.

ప్రాజెక్టు పరీక్ష రోజు తార్నాకలో రాస్తారోకో. ఎగ్జామినర్ అక్కణ్ణుంచి నడిచొచ్చి, ఆ కోపంలోనే బండెక్కి, పెడల్ తొక్కిపట్టి తాళం తిప్పాడు. బండి కదల్లేదు. లైటు మినుకుమంది. అక్క వేళ్లు మడిచింది.

"పెడల్ మీద కాలున్నది సార్. తీసి మళ్ల తొక్కుండ్రి. గట్ల ఆపకుంటే తాళం తిప్పంగనే ముందున్నోళ్ల మీదికి ఉరుకుతది."

ముందున్నది నేనే కాబట్టి ఈ చర్చలో నాకూ కొంత ఆసక్తి ఉండేది.

"ఈ చాదస్తం తీసెయ్యమ్మా. మార్కులు నా చేతిలో ఉన్నాయి."

"కాలు గూడ మీదే గద సార్."

ఆయన కాలు తీయలేదు, ఆమె బండినాపే వైరు తీయలేదు. బయట టియర్ గ్యాస్ పేలుతుంటే గేట్లు మూశారు, ఇద్దరికీ తొందర లేకుండా పోయింది.

అక్కను ఫెయిల్ చేశారు. మరుసటి ఏడు ఆమె అదే బండిని, ఒక్క వైరూ మార్చకుండా, పరీక్షకు నెట్టుకొచ్చింది.