దిష్టి మోసే నారింజ చెట్టు

మీ పెరట్లో మొక్క ఆకు పసుపెక్కితే దాన్ని తిరగేసి చూస్తారా, లేక చూసిపోయినవాళ్ళ కళ్ళని తిడతారా?

2004 వానాకాలం. నేను ఉద్యానశాఖలో పనిచేస్తున్నాను. కొత్తపేట దగ్గర నర్సరీ నడిపే సూర్రావు గారు కబురు పెట్టారు. నారింజ, బత్తాయి అంట్లే ఆయన జీవనం. గేటు పక్క మడుల్లో ఆకులకి పసుపు మచ్చలు, నడి ఈనెకి ఇటువైపు మచ్చకీ అటువైపు మచ్చకీ పొంతన లేకుండా ఉన్నాయి. పోషకాలు చాలకపోతే సాధారణంగా రెండువైపులా ఒకేలా పసుపెక్కుతుంది. గ్రీనింగ్ అని అనుమానించాను. అది చెట్టు లోపలి నాళాల్లో చేరే బాక్టీరియా తెగులు. పట్టిందంటే నయం చేసే మందు లేదు. సిల్లా అనే నువ్వుగింజంత పురుగు ఆకుల రసం పీలుస్తూ దాన్ని మోసుకొస్తుంది. జబ్బు చెట్టు కన్ను, అంటే మొగ్గ ఉన్న బెరడు ముక్క, తెచ్చి అంటు కట్టినా వస్తుంది.

ఆ చివరి మాట చెప్పగానే సూర్రావు గారి మొహం పాలిపోయింది. ఆయన కట్టే అంట్లన్నిటికీ కన్నులు వాళ్ళ నాన్నగారు నాటిన తల్లిచెట్టువే.

"దాన్ని కొట్టెయ్యాలంటారాండీ?"

"పరీక్ష చెయ్యకుండా ఎవరికీ ఉరి వెయ్యనండి. ఆకులు ల్యాబ్‌కి పంపుదాం."

గేటు దగ్గర సగం ఎండిన నారింజ చెట్టొకటి ఉంది. నిండా దిష్టిబొమ్మలు, మిరపకాయలు, నల్లతాళ్ళు.

"దీన్నెందుకు ఉంచేరు?"

"వచ్చేపోయేవాళ్ళ దిష్టంతా అదే లాగేసుకుంటుందండీ. అది ఎండితే లోపలి మొక్కలు బతుకుతాయని సిద్ధాంతిగారు చెప్పేరు. ఆయ్."

దాని చిగురొకటి వంచి చూపించాను. తల ఆనించి, తోక పైకెత్తి బారులు తీరిన సిల్లాలు.

"ఈ చెట్టు భక్తులు వీళ్ళేనండి. ఇక్కడ తాగి మీ మడుల్లో కక్కుతున్నారు."

ఆయన భార్య లక్ష్మిగారు పక్కున నవ్వారు. "రోగిష్టిదాన్ని గుమ్మంలో కూర్చోబెట్టి పూజలు! నాకు జొరమొస్తే ఇంత సేవ ఎప్పుడైనా చేసేరా?"

"నువ్వూరుకోవే," అన్నారాయన. కానీ చెట్టు మీద చెయ్యి వెయ్యనివ్వలేదు. సరే, దాని ఆకులు కూడా పంపాను. ఫలితం వచ్చేదాకా ఒక్క మొక్కా గేటు దాటకూడదని పట్టుబట్టాను. ఎవరి నమ్మకం వాళ్ళదని ఇలాంటిచోట ఊరుకోవడం మర్యాద కాదు, నేరం. నమ్మేది ఒకరు, ఎండిపోయేది మొక్కలు కొన్న రైతుల తోటలు.

ఫలితం వచ్చింది. గ్రీనింగ్ గేటు చెట్టుకీ, దాని పక్క మడుల్లోని అంట్లకీ ఉంది. తల్లిచెట్టుకి లేదు.

సూర్రావు గారు అరుగుమీద కూలబడి, "బతికించేరండీ," అన్నారు. నాకూ ఊపిరి తిరిగింది. తల్లిచెట్టుకే ఉండుంటే, అన్నేళ్ళుగా అమ్మిన అంట్ల మాటేమిటి?

ముందు గేటు చెట్టుకి పురుగుమందు కొట్టాం. కొట్టకుండా నరికితే సిల్లాలు లేచి మడులమీదే వాలతాయి. ఆ తర్వాత గొడ్డలి సూర్రావు గారే పట్టారు. జబ్బు అంట్లు పీకి తగలబెట్టాం. మంచి మడులకీ తల్లిచెట్టుకీ పురుగు దూరని సన్నటి వల కట్టాం. మరుసటేడు కొత్త అంట్లు నిగనిగలాడుతూ లేచాయి.

ఆ కేసు నాకు నేర్పింది ఇదే: కనబడని శత్రువుకి భయపడేవాడు కనబడే శత్రువుకి కాపలా కాస్తాడు.

ఇక మీ వంతు. నర్సరీకి వెళితే తల్లిచెట్టుకి పరీక్ష చేయించారా అని అడగండి. వల కింద పెంచారా అని అడగండి. సరైన జవాబు రాకపోతే, ఎంత ముద్దొచ్చే మొక్కనైనా అక్కడే వదిలేసి రండి.