ఎడమ పక్క కనపడని దారి

జయపాల్‌ది మాచర్ల దగ్గర పల్లె. పాత జీపు కొనుక్కుని, సాగర్ చూడటానికి విజయపురి సౌత్ వచ్చినవాళ్లని గుట్టల మధ్య మట్టిదారిలో తిప్పేవాడు. నెమళ్లు, పాలపిట్టలు, ఉడుములు, తొలకరి పడితే ఎర్రమట్టి మీద ఆరుద్ర పురుగులు. ఏది కనపడ్డా ఇంజను ఆపి, గొంతు తగ్గించి చూపించేవాడు. గోల చేస్తే పెద్దవాళ్లని కూడా కసిరేవాడు. అయినా ఒకసారి వచ్చినవాళ్లు మళ్లీ అతన్నే అడిగేవాళ్లు.

పోయినేడు చూపులో తేడా వచ్చింది. ఎదురుగా ఉన్నది కనపడేది, ఎడమ పక్కది కనపడేది కాదు. గడప దగ్గర బిందెని తన్నుకున్నాడు.

"కళ్లు చూపించుకోవయ్యా" అంది భార్య కాంతమ్మ.

"నిద్ర చాలక" అన్నాడు.

కాంతమ్మ పత్తి కూలి మానుకుని జీపులో అతని పక్కన కూర్చోవడం మొదలుపెట్టింది. ఏదైనా కనపడితే మోచేత్తో పొడిచేది. అతను తనే చూసినట్టు ఆపేవాడు. దాని గురించి ఇద్దరూ ఎప్పుడూ మాట్లాడుకోలేదు.

మొన్న వానలకి సత్తెనపల్లి నుంచి మురళీధర్, శ్రీలేఖ అని మొగుడూపెళ్లాలు చంటిపాపతో వచ్చారు. కుడివైపు తుమ్మచెట్టు మీద పిట్టని చూసి, "అదేంది పిన్నీ?" అని అడిగింది శ్రీలేఖ. కాంతమ్మ అటు తిరిగింది. ఎడమ చక్రం కింద ఏదో పటుక్కుమంది.

దిగి చూస్తే చుక్కల తాబేలు. డిప్ప పగిలింది. కాళ్లు ఇంకా కదులుతున్నాయి. చూస్తుండగానే ఆగిపోయాయి.

"నాదేనమ్మా తప్పు. నేను అటు తిరిగాను" అంది కాంతమ్మ.

"మీరు తిరిగితే ఏంది? బండి నడిపేది ఆయన కదా" అన్నాడు మురళీధర్.

జయపాల్ తల ఎత్తలేదు. "నాకు ఎడం పక్క కనపడదు బాబూ. చానా రోజులైంది."

మురళీధర్ పాపని చూశాడు. "ఇందాక లోయ పక్క మలుపులో కూడానా?"

జయపాల్ తాళం తీసి అతని చేతిలో పెట్టాడు. తిరుగుదారిలో మురళీధరే నడిపాడు. నెమలి ఒకటి అడ్డం వచ్చింది. మురళీధర్ హారన్ కొట్టి పోనిచ్చాడు.

నరసరావుపేటలో డాక్టరు, ఎడమ కంట్లో ప్రెజర్ పెరిగి నరం దెబ్బతిందన్నాడు. పోయిన చూపు రాదు, ఉన్నది నిలవడానికి చుక్కలు వేసుకోవాలన్నాడు.

బస్సులో కాంతమ్మ అంది: "నేను పక్కన కూర్చోకపోతే అప్పుడే మానేసేవాడివి."

"నువ్వు లేకపోతే ఏ మనిషి మీదకో పోనిచ్చేవాణ్ణి" అన్నాడు. ఆమె ముఖం కిటికీ వైపు తిప్పుకుంది.

ఇప్పుడు జీపు వాళ్ల పల్లె కుర్రాడు సుభానీ నడుపుతున్నాడు. దారి చూపించడానికి రమ్మని రెండు మూడుసార్లు పిలిస్తే జయపాల్ వెళ్లాడు. ముందు కూర్చోమంటే ఒప్పుకోలేదు, వచ్చినవాళ్లతో వెనకే కూర్చున్నాడు. ఎవరో ఎడమవైపు చెయ్యి చూపి "అదిగో ఉడుము" అన్నారు. జయపాల్ తల మొత్తం అటు తిప్పి వెతికాడు. అది కనపడేలోపే పొదలోకి పోయింది.