పోలిక పోతుందని

ఆ అబద్ధం చెప్పి పదకొండేళ్ళు దాటింది. చెప్పడానికి ఎంతసేపు పట్టిందంటారా? బూట్ల లేసులు విప్పుకున్నంత సేపు కూడా పట్టలేదు. నిజంగానే అప్పుడు లేసులే విప్పుకుంటున్నాను, గరాజ్ తలుపు దగ్గర వంగి. తల వంచుకుని ఉన్నాను కాబట్టి మా ఆవిడ మొహం చూడాల్సిన అవసరం రాలేదు. అప్పటినుంచీ ఆ మాటను మోస్తున్నాను. మోస్తున్నాను అంటే నేనేదో కష్టపడుతున్నట్టు ధ్వనిస్తుంది గానీ, మూట తీసుకెళ్ళి మా ఆవిడ నెత్తిన పెట్టి, పక్కన చేతులూపుకుంటూ నడుస్తున్నవాణ్ణి. నాకు తెలిసినవాళ్ళెవరికీ ఈ సంగతి చెప్పలేకపోయాను. మీరెవరో నాకు తెలియదు, నేనెవరో మీకు తెలియదు. అందుకే మీకు చెబుతున్నాను.

మాది అమెరికాలో, కాలిఫోర్నియాలోని శాన్ రామన్. మొగుడూ పెళ్ళాలిద్దరం సాఫ్ట్‌వేర్ ఉద్యోగులమే. ఒక్కతే కూతురు. దాని పేరు రాయను. ఇంట్లో అమ్మలు అంటాం. ఆ పిలుపు నేను పెట్టిందే. ఎందుకు పెట్టానో చెబితే నా నేరం సగం మీకు అక్కడే అర్థమైపోతుంది.

మా అమ్మకు కింది దవడ కాస్త ముందుకు ఉండేది. నోరు మూస్తే కింది పళ్ళు పై పళ్ళకు బయటగా వచ్చేవి. అదొక లోపమని నాకెప్పుడూ తోచలేదు. అమ్మ మొహమంటే అదే. కోపమొస్తే ఆ గడ్డం ఇంకొంచెం ముందుకొచ్చేది. నవ్వొస్తే చీర చెంగు నోటికి అడ్డమొచ్చేది. ఆవిడ పోయినప్పుడు నేనిక్కడ ఉన్నాను. వెళ్ళేసరికి అంతా అయిపోయింది. చివరి చూపు దక్కలేదు. ఆ మరుసటి ఏడే పాప పుట్టింది. మూడేళ్ళొచ్చేసరికి ఆ గడ్డం, ఆ మూతి విరుపు, అన్నీ దిగిపోయాయి. మా మేనత్త వీడియో కాల్‌లో చూసి, "మా వదిన మళ్ళీ పుట్టిందిరా నీ కడుపున" అని భోరుమంది. నేనూ ఏడ్చాను. దక్కని చివరి చూపు రోజూ పొద్దున్నే నా ఎదురుగా కూచుని సీరియల్ తింటుంటే ఎవడైనా ఏమైపోతాడు?

మా ఆవిడకు మాత్రం అనుమానంగానే ఉండేది. పిల్ల యాపిల్‌ను ముందు పళ్ళతో కొరకలేకపోతోందని, శాండ్‌విచ్ పక్కపళ్ళతో పీకుతోందని ఆవిడే కనిపెట్టింది. "ఏమండీ, దీని దవడ ఒకసారి చూపించాలేమో" అంటే, "మా అమ్మకే వంకలు పెడుతున్నావా?" అన్నాను. వేళాకోళంగానే అన్నాను. కానీ అందులో ఉన్న ముల్లు ఎక్కడ గుచ్చుకోవాలో అక్కడే గుచ్చుకుంది. అత్తగారి పోలికను తప్పు పట్టిన కోడలు అనిపించుకోవడం ఎవరికిష్టం? ఆ తర్వాత ఏడాదిపాటు ఆ ఊసెత్తలేదు.

పిల్లకు ఎనిమిదేళ్ళప్పుడు, మామూలుగా పళ్ళు క్లీన్ చేసే డెంటిస్టే, పళ్ళ వరసా దవడా సరిచేసే ఆర్థోడాంటిస్ట్‌కు చూపించండని చెప్పింది. మా ఆవిడ అప్పుడే కొత్త ఉద్యోగంలో చేరింది. సెలవు అడగలేని పరిస్థితి. "మీరు తీసుకెళ్ళండి, ఏం చెప్పినా వివరంగా కనుక్కోండి" అంది. తీసుకెళ్ళాను.

ఆ డాక్టరు నెరిసిన జుట్టు మనిషి, నిదానస్తుడు. ఎక్స్‌రే తీయించి, పిల్లను ముందు గదిలో చేపల తొట్టి దగ్గర కూచోబెట్టి, నన్ను లోపలికి పిలిచాడు. ఒక్కొక్కటీ విడమర్చి చెప్పాడు. పై దవడ ఎదగాల్సినంత ఎదగడం లేదు. ఈ వయసులో ఆ ఎముక ఇంకా మాట వింటుంది. అంగిట్లో ఒక ప్లేటు బిగించి, నుదుటికీ గడ్డానికీ ఆనుకునే ఒక ఫ్రేమ్ పెట్టి, రబ్బరు బ్యాండ్లతో పై దవడను మెల్లగా ముందుకు లాగవచ్చు. స్కూలుకు పెట్టుకోనక్కర్లేదు, సాయంత్రాలు ఇంట్లోనూ, పడుకున్నప్పుడూ చాలు. ఒక ఏడాది ఓపిక పట్టాలి. అందరికీ పూర్తిగా కుదురుతుందని హామీ ఇవ్వలేను, కొందరికి పెద్దయ్యాక ఆపరేషన్ తప్పదు, కానీ మీ అమ్మాయికి మంచి అవకాశం ఉంది, ఇప్పుడు వదిలేస్తే మాత్రం ఎదుగుదల ఆగాక ఎముక కోసి సరిచేయడమే మిగులుతుంది అన్నాడు. మొక్కై వంగనిది మానై వంగునా అని మనవాళ్ళు అన్నదే, పాపం, ఆయన ఇంగ్లీషులో చెప్పాడు.

చెప్పి, ఇంకో పిల్ల ఫొటోలు చూపించాడు. వైద్యానికి ముందు ఒకటి, తర్వాత ఒకటి. ముందు ఫొటోలో ఆ పిల్లకు మా అమ్మ గడ్డం ఉంది. తర్వాత ఫొటోలో అందరి గడ్డం ఉంది. ఆయన రెండో ఫొటో చూపించి సంతోషంగా నవ్వాడు. నాకు ఒళ్ళు మండింది. ఆలోచించుకుని చెబుతామని లేచి వచ్చేశాను.

కార్లో అమ్మలు అడిగింది. "డు ఐ నీడ్ బ్రేసెస్, నాన్నా?"

"వద్దమ్మలూ. యూ ఆర్ పర్ఫెక్ట్."

ఇంటికొచ్చాక లేసులు విప్పుకుంటున్నాను. మా ఆవిడ వంటింట్లోంచి గరిటె చేత్తోనే వచ్చింది.

"ఏమన్నారండీ?"

"ఇంకా చిన్నపిల్ల కదా, పళ్ళన్నీ వచ్చాక చూద్దాం అన్నారు."

"అంతేనా? దవడ గురించి ఏమీ అన్లేదా?"

"పెరిగేకొద్దీ అదే సర్దుకుంటుందిట."

"హమ్మయ్య!" అంది.

అదీ సంగతి. ఆ హమ్మయ్య ఎంత నమ్మకంగా అందనుకున్నారు! నా మాట మీద ఆవిడ ఏనాడూ రెండో ప్రశ్న వేసిన మనిషి కాదు. డాక్టరు ఆఫీసు నుంచి తర్వాత రెండు మూడుసార్లు ఫోన్లు వచ్చాయి. వాళ్ళ దగ్గరున్న నంబరు నాదే. మేమే చేస్తాం అన్నాను. కొన్నాళ్ళకు వాళ్ళూ మానేశారు. ఒక్క క్షణం తూలి నోరు జారిన అబద్ధం కాదండీ ఇది. ఏడాదిపాటు, ఆ అవకాశం కరిగిపోతున్నంత కాలం, ప్రతిరోజూ దిద్దుకోగలిగి కూడా దిద్దుకోని అబద్ధం.

పిల్ల మొహానికి ఆ చట్రమేమిటని జాలిపడ్డానేమో అని చాలాకాలం నాకు నేనే సర్దిచెప్పుకున్నాను. జాలా? జాలే అయితే పెళ్ళానికి చెప్పి ఇద్దరం కలిసి జాలిపడేవాళ్ళం. ఎటూ హామీ లేదన్నాడుగా, ఆ ఏడాదంతా కష్టపెట్టినా చివరికి ఆపరేషనే అయ్యేదేమో అనీ అనుకున్నాను. అయ్యేదేమో, కాకపోయేదేమో. తేల్చుకునే దారిని నేనే మూసేసి, ఇప్పుడు అదే సందులో దాక్కోవడానికి సిగ్గుండాలి. నిజం ఒక్కటే. అమ్మ పోలిక పోతుందని భయపడ్డాను. పిల్ల మొహం పిల్లది కాదు, నాది అనుకున్నాను.

మిడిల్ స్కూల్లో మొదలైంది. బుల్‌డాగ్ అన్నారుట. నాతో చెప్పలేదు, వాళ్ళమ్మతో చెప్పి ఏడ్చింది. ఎంత ఎండ కాస్తున్నా హుడీ విప్పేది కాదు. నవ్వొస్తే ఆ హుడీ చేతి కొసను లాగి నోటికి అడ్డం పెట్టుకునేది. అది చూసి నేనేం చేశానో తెలుసా? మురిసిపోయాను. అచ్చం మా అమ్మే అనుకున్నాను. ఛీ!

పదమూడేళ్ళకు మా ఆవిడే పట్టుబట్టి ఇంకో డాక్టరు దగ్గరికి తీసుకెళ్ళింది. ఈసారి ముగ్గురం వెళ్ళాం. ఆ డాక్టరమ్మ ఎక్స్‌రేలు చూసి, కొంచెం ముందే వచ్చి ఉంటే వేరే దారి ఉండేది, ఇప్పుడు ఎదుగుదల ఆగేదాకా ఆగి, బ్రేసెస్ పెట్టి, ఆపరేషన్ చేయించడమే మంచిది అంది. మా ఆవిడ మొహం పాలిపోయింది. "మేం ముందే చూపించాం డాక్టర్. ఎనిమిదేళ్ళకే. దే టోల్డ్ అజ్ టు వెయిట్" అంది. ఆ డాక్టరు పెన్ను మూత పెట్టుకుంది. నేను కుక్కిన పేనులా కూచున్నాను.

ఆ వారమే మా ఆవిడ ఆ నెరిసిన జుట్టు డాక్టరు మీద ఇంటర్నెట్లో ఒకే ఒక్క నక్షత్రం ఇచ్చి పెద్ద రివ్యూ రాసింది. నా కూతురి బాల్యాన్ని పాడుచేశాడు అని రాసింది. పోస్ట్ చేసేముందు నాకు చూపించి, ఇంగ్లీషు సరిగ్గా ఉందా అని అడిగింది. స్పెల్లింగులు దిద్దాను. అవును, నేనే దిద్దాను. కొన్నాళ్ళకు ఆయన కింద మర్యాదగా జవాబు పెట్టాడు, దయచేసి ఒకసారి ఫోన్ చేయండి, వివరంగా మాట్లాడుకుందామని. "ఎంత పొగరో చూశారా? ఇప్పుడే చేసి కడిగేస్తాను" అని ఫోన్ తీసింది. నాకు పై ప్రాణాలు పైనే పోయాయి. "వదిలెయ్యి, చేతులు కాలాక ఆకులెందుకు" అన్నాను. పెద్దమనిషి తరహాలో అన్నాను. వదిలేసింది. ఆ రివ్యూ ఇప్పటికీ అక్కడే ఉంది. ఉన్నది ఉన్నట్టు చెప్పిన మనిషి పేరు కింద.

హైస్కూల్లో ఒక డాన్స్ పార్టీకి వెళ్ళేముందు ఫొటోలు దిగాల్సి వచ్చింది. అమ్మలు కొత్త డ్రెస్సుతో అద్దం ముందు నుంచుని, ఉన్నట్టుండి వాళ్ళమ్మ మీద విరుచుకుపడింది. "యూ సా మై ఫేస్ ఎవ్రీ డే, అమ్మా! నీకు తెలీలేదా? నువ్వు అమ్మవి కదా!" మా ఆవిడ, "తప్పు నాదే అమ్మలూ. ఆరోజు నేనొచ్చుంటే ఇంకో రెండు ప్రశ్నలడిగేదాన్ని. ఉద్యోగం, ఉద్యోగం అని చచ్చాను" అంది. అమ్మలు వచ్చి నా భుజం మీద తల పెట్టుకుంది. "నాన్న ఒక్కడే నన్ను పర్ఫెక్ట్ అన్నాడు" అని వెక్కివెక్కి ఏడ్చింది. నేను దాని తల నిమిరాను. నోరు పెగల్లేదు అని రాద్దామనుకున్నాను, అదీ అబద్ధమే. పెగల్లేకపోవడం కాదు. ఆ తల నా భుజం మీద ఉండడం నాకు బాగుంది. ఒప్పేసుకుంటే తీసేస్తుందని తెలుసు. ఆ రోజు నుంచి వాళ్ళమ్మ ఇంట్లో కూతురి దగ్గర కొంచెం తగ్గి మాట్లాడుతుంది. నేను మాత్రం దేవుణ్ణి.

ఆపరేషన్‌కు ముందు బ్రేసెస్ పెట్టి పళ్ళను వాటి వాటి చోట నిలబెడతారు. దాంతో దవడ తేడా ఇంకా ఎక్కువ కనబడుతుంది. బాగుపడేముందు ఇంకా చెడాలన్నమాట. కాలేజీ మొదటి ఏడాదంతా అలాగే గడిపింది. ఒక్క సెల్ఫీ పంపలేదు. మొన్నటి వేసవిలో ఆపరేషన్ అయింది. ఎముక కోసి, జరిపి, స్క్రూలు బిగించారు. మొహం గుమ్మడికాయంత వాచింది. వారాల తరబడి వడగట్టిన పప్పుచారూ, పల్చటి రాగిజావా. మా ఆవిడ సెలవు పెట్టింది. ఈసారి ఎవర్నీ అడగలేదు, పెడుతున్నానని చెప్పిందంతే. కింది పెదవికీ గడ్డానికీ స్పర్శ ఇంకా పూర్తిగా రాలేదు. కొందరికి రాదుట. జావ గడ్డం మీదికి కారుతున్నా పిల్లకు తెలియదు. వాళ్ళమ్మ మాట్లాడుతూ మాట్లాడుతూనే మెత్తటి బట్టతో తుడుస్తుంది. నేను పక్కన కూచుని ఆ తుడవడం చూస్తాను.

వాపు దిగాక కొత్త మొహం బయటపడింది. బాగుంది. చాలా బాగుంది. మా అమ్మ అందులో లేదు. ఎవర్ని నిలబెట్టుకోవడానికి ఇంత పని చేశానో ఆవిడ ఎటూ వెళ్ళిపోయింది. పోయిన శనివారం అమ్మలు నా పాత ఆల్బమ్ స్కాన్ చేసిపెడతానని ముందేసుకు కూచుంది. ఒక్కో ఫొటో చూస్తూ అడిగింది.

"నాన్నా, మామ్మ ప్రతి ఫొటోలో నోటికి చీర ఎందుకు అడ్డం పెట్టుకుంది?"

"సిగ్గమ్మా. ఆ రోజుల్లో ఆడవాళ్ళు అంతే."

"సిగ్గు కాదు," అంది. ఇంకా మాట ముద్దముద్దగానే వస్తోంది. "నాకు ఆ చెయ్యి తెలుసు. షి హేటెడ్ ఇట్, నాన్నా. లైక్ మీ."

యాభై ఏళ్ళు దాటినవాణ్ణి. ఆ చెంగును ముద్దుగా తలుచుకుంటూ బతికాను. అమ్మ మొహాన్ని ప్రేమించానే గానీ, ఆ మొహంతో ఆవిడ ఎలా బతికిందో ఒక్కసారైనా అడిగానా?

"పాపం మామ్మ. ఫిక్స్ చేయొచ్చని ఎవరూ చెప్పలేదేమో" అంది అమ్మలు.

మా ఆవిడ, పిల్ల గడ్డం తుడిచే బట్ట మడత పెట్టుకుంటూ, "మనకే ఎవరూ చెప్పలేదు. ఇంక ఆ రోజుల్లో ఆవిడకెవరు చెబుతారే" అంది.

నేను ఆల్బమ్‌లో పేజీ తిప్పాను. ఈ రాసింది వాళ్ళిద్దరికీ చూపించే ధైర్యం ఉందో లేదో ఇవాళ్టికైతే తెలియదు. ఉందని మీతో అనేసి మంచివాణ్ణి అనిపించుకోను. మీరు క్షమించాలనీ లేదు. క్షమించడానికి మీరెవరు? గరాజ్ తలుపు దగ్గర అనాల్సిన మాట ఒకటుంది, అది ఒక్కసారైనా నా చేత్తో రాసి చూసుకోవాలనుకున్నాను.

మనకు చెప్పారు. ఎనిమిదేళ్ళప్పుడే, అంతా విడమర్చి చెప్పారు. నేనే నీకు చెప్పలేదు.