దేవుని బియ్యం వండిన రోజు

కుందూ నది వరదలో గొంతు దాకా మునిగి, ఈదుకుంటూ పోయి మా చెల్లెలిని కాపాడినానని మా ఆళ్లగడ్డలో చాలామందికి చెప్పినాను. ఉత్త మాట. నాకు ఈతే రాదు. నేను నంద్యాల చేరేసరికి నీళ్లు మోకాళ్ల కిందికి దిగినాయి.

జరిగింది ఇది. రాత్రంతా వాన. తెల్లారుతూనే చెల్లెలు ఫోన్ చేసింది. మొగుడు పోయినాక కుందూ పక్క కాలనీలో ఒక్కతే ఉంటుంది, మోకాళ్ల నొప్పుల మనిషి. "అన్నా, ఇంట్లోకి నీళ్లొస్తాండాయి" అనింది. అంతే, ఫోన్ కట్టయింది. మళ్లీ ఎంత చేసినా కలవలేదు.

బస్సెక్కినాను. చర్చి కూటాల్లో నేను ప్రార్థన ఎత్తుకుంటే ఆడోళ్లకు పొయ్యి మీది కూర గుర్తొస్తుంది, అంత పొడుగు. ఆ రోజు కిటికీ కమ్మి పట్టుకుని కూర్చుంటే ఒక్క మాట రాలేదు. వచ్చిందల్లా ఒక బేరం: దేవా, ఎవరినైనా తీసుకో, దాన్ని మాత్రం వదిలిపెట్టు. నంద్యాల బయట రోడ్డు మీద వంక పారుతోందని కండక్టరు అందరినీ దింపేసినాడు. ఆ నీళ్లు తగ్గే దాకా ఆ బేరమే లోపల తిరుగుతా ఉండింది. తగ్గినాక నడిచిపోయినాను.

చెల్లెలి వీధిలో ఎదురింటి గోడ కూలి ఉంది. దాని కింద పడి ఆ ఇంటి అవ్వ చనిపోయిందని చెప్పినారు. ఎవరినైనా తీసుకోమని అన్నాను కదా.

చెల్లెలు, కాలనీ వాళ్లంతా చేరిన మిట్ట మీది చర్చిలో, పెద్ద పొయ్యి ముందర కనపడింది. మా ఇండ్లలో ఎసట్లో బియ్యం పోసే ముందు ఆడోళ్లు ఒక పిడికెడు దేవునికని తీసి వేరే కుండలో వేస్తారు, ఆదివారం చర్చికి తెస్తారు. ఆ బియ్యం ఎవరూ ముట్టరు. చెల్లెలు పాస్టరుగారినైనా అడక్కుండా ఆ మూటలు విప్పి కాలనీ అందరికీ వండుతోంది.

దగ్గరికి పోయి నా బేరం సంగతి చెప్పినాను. అది గరిట ఆపలేదు.

"నువ్వడిగిందల్లా ఇచ్చేటోడైతే నీకు ఎప్పుడో బుద్ధి ఇచ్చుండేటోడులే అన్నా. ఈ గిన్నె తీస్కపో. అవ్వ కొడుకు పొద్దున్నించి ఏం తిన్లే."

ఆయన చర్చి వరండాలో, దుప్పటి కప్పిన తల్లి పక్కన కూర్చోనుండాడు. మా సంఘం మనిషి కాదు. గిన్నె వైపు చూడకుండా, "మీ దేవునికి ఏమన్నా చెప్పప్పా" అన్నాడు.

నాకు భయమేసింది. పొద్దున ఆ దేవునికి ఏం చెప్పినానో ఈయనకేం తెలుసు.

"దేవా, ఈడ ఉండు" అన్నాను. అంతకు మించి రాలేదు.

ఆయన గిన్నె అందుకుని ఒక ముద్ద తిన్నాడు, ఇంకో ముద్ద నా చేతిలో పెట్టినాడు. నేనూ తిన్నాను. దేవుడు ఆడ మా మధ్యనే ఉన్నాడని నమ్మినాను. అవ్వను ఎందుకు తీసుకున్నావని మాత్రం ఆయన్ను ఇప్పటికీ అడుగుతానే ఉన్నాను.