లండన్‌కు పంపిన కూజా

1947లో బెజవాడ గవర్నర్‌పేటలోని ఒక చేతిపనుల బడిలో నేను సెరామిక్స్ మాస్టారిని. మట్టిని మలిచి, కాల్చి, పైన గ్లేజ్ అనే గాజులాంటి పూత ఎక్కించడం ఆ పని. యుద్ధానికి ముందు జపాన్‌లో నాలుగేళ్ళు నేర్చుకుని, రెండేళ్ళు అక్కడే పాఠాలు చెప్పాను. నాన్నగారి జబ్బు కబురు విని ఇంటికొచ్చాను. ఆయన దక్కలేదు. ఈలోగా యుద్ధం దారులు మూసేసింది. అప్పటినుంచీ మనిషి ఇక్కడ, ప్రాణం అక్కడ.

ఆ ఏడు లండన్‌లో ఒక బడివాళ్ళు విదేశాల నుంచి టీచరు కావాలని ప్రకటించారు. కొత్తగా చేసిన పాత్రలు పంపాలన్నారు. మళ్ళీ ఓడెక్కుతానన్న ఆశతో రెండు నెలలు చక్రం వదల్లేదు.

నాకు మట్టి సిద్ధం చేసేది కోటమ్మ. పామర్రు దగ్గర కుమ్మరి కుటుంబం. భర్త పోయాక మా బడిలో పనికి చేరింది. ఆడవాళ్ళు సారె, అంటే కుమ్మరి చక్రం, ముట్టకూడదన్నది వాళ్ళింటి కట్టుబాటు. అందుకని లోపల రాయి ఆనించి, బయట చెక్కతో తట్టి కుండ పెంచేది. నేను గ్లేజ్ నేర్పాను. ఏడాది తిరిగేసరికి నన్ను మించిపోయింది.

కిల్న్, అంటే మా బట్టీ, చల్లారాక తెరిచాం. నావి మూడింట్లో ఒకటి పగిలింది, ఒకదాని పూత జారింది, మూడోది ఫరవాలేదు. పక్కనే కోటమ్మ చేసిన కూజా లేత నారుమడి రంగులో మెరుస్తోంది. మళ్ళీ కాల్చేందుకు గడువు లేదు.

"మీ పేరు పెట్టి పంపండి మాస్టారూ. నా పేరు అక్కడెవురికి తెలుసు?" అంది.

"నీ చేతిపని నాదని ఎట్లా రాయను?"

"పూత నేర్పింది మీరేగా!"

కూజాకు కట్టే చీటీ మీద నా పేరు రాశాను. చాలాసేపు చూశాను. చింపేసి, 'కోటమ్మ, పామర్రు. చక్రం లేకుండా చేసినది' అని ఇంకొకటి రాశాను. నా మూడో పాత్రనూ దాన్నీ వరిగడ్డిలో పొదిగి పంపాను.

నెలల తర్వాత జవాబొచ్చింది. నా పాత్ర గురించి ఒక వాక్యం. మిగతాదంతా కోటమ్మ గురించే. చక్రం లేకుండా కుండ చేసే విద్య నేర్పడానికి ఏడాదిపాటు రమ్మన్నారు, ఓడ ఖర్చులు వాళ్ళవే. ఆ ఉత్తరాన్ని మూడు రోజులు జేబులోనే ఉంచుకున్నాను. సిగ్గుగా ఉన్నా చెబుతున్నాను.

నాలుగోరోజు తనే అడిగింది. "లండన్ నించి కబురేమన్నా వచ్చిందా అండీ?"

"వచ్చింది. నిన్ను రమ్మన్నారు."

మట్టి చేతులు చీరకు తుడుచుకుంటూ నిలబడిపోయింది. "పోవాల్సింది మీరు కదండీ!"

"నేనూ అట్లాగే అనుకున్నా."

"నాకు వాళ్ళ మాట రాదే!"

"జపాన్ వెళ్ళినప్పుడు నాకూ రాలేదు. నీ చేతులు చూస్తే వాళ్ళకే అర్థమవుతుంది."

రోజూ సాయంత్రం బడి అయ్యాక ఇంగ్లీషు మాటలు నేర్పాను. బెజవాడ స్టేషన్లో బండెక్కించి, బండి కనుమరుగయ్యాక కూడా చాలాసేపు ప్లాట్‌ఫారం మీదే ఉండిపోయాను.

ఏడాదన్నది ఆరేళ్ళయింది. లండన్ తర్వాత డెన్మార్క్, ఇటలీ. తన దగ్గర నేర్చుకున్నవాళ్ళు ఇప్పుడు ఎన్ని దేశాల్లో ఉన్నారో తనకే తెలియదు. ఒకసారి చూడవచ్చి, మా పిల్లలకు పాఠం చెప్పింది. నేనూ వాళ్ళ మధ్య పీట వేసుకుని కూర్చున్నాను. "అక్కడ వేసంకాలం రాత్రి తొమ్మిదింటిదాకా వెలుతురుంటదండీ" అంటుంటే ఆకలిగొన్నవాడిలా విన్నాను.

గురువుకు అసూయ ఉండకూడదంటారు. నాకుంది. అది పోయేదాకా ఆగితే ఏ మంచిపనీ చేయలేమని, అది ఉండగానే చేయాలని కోటమ్మ వల్ల తెలిసింది. వెళ్ళాలన్న కోరిక మాత్రం తీరలేదు, చావనూ లేదు. విదేశీ తపాలా బిళ్ళ అంటించిన కవరు ఎవరి పేర వచ్చినా, ముందు నా పేరుందేమోనని చూస్తాను.